ఊరికే ఉన్న స్థలం



కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లే అవకాశం నాకు కలిగింది. నేను పూర్వం పనిచేసిన విచారణకు చెందిన ఒక కుటుంబం వారి అమ్మాయి, అల్లుడు అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఒక సాయంత్రం వారు, "ఫాదర్ గారూ, ఈరోజు ఏటి ఒడ్డున సంగీత కచేరీ ఉంది, వెళ్దాం రండి" అన్నారు. అమ్మాయి ఒక డబ్బాలో పులిహోర సర్దింది. అల్లుడు చాప, దుప్పటి చంకన పెట్టుకున్నాడు. నేను అలవాటు కొద్దీ జేబు తడుముకుని, "టికెట్టు ఎంత బాబూ?" అని అడిగాను. "టికెట్టు లేదు ఫాదర్ గారూ, ఊరికే" అన్నాడు.

ఆ "ఊరికే" అనే మాట నన్ను అప్పటి నుండి వదలలేదు. ఈ వారం దాన్ని గురించే మీతో ముచ్చటించదలచాను.

చార్లెస్ నది బోస్టన్ నగరాన్ని ఆనుకుని పారుతుంది. దాని ఒడ్డున పొడవైన పచ్చిక మైదానం ఉంది. దానిని ఎస్‌ప్లనేడ్ అంటారు. ఆ మైదానంలో హ్యాచ్ షెల్ అనే వేదిక ఉంది. కొబ్బరి చిప్పను సగానికి కోసి, దాని నోరు జనం వైపు తిరిగేలా నిలబెట్టినట్టు ఉంటుంది. వాద్యకారులు ఆ చిప్ప లోపల కూర్చుని వాయిస్తారు. నాదం వెనక్కి పోకుండా, ఆ వంపుకు తగిలి ముందున్న జనం మీదికి వస్తుంది. ఎదుట కుర్చీలు లేవు, మెట్లు లేవు, కంచె లేదు. పచ్చిక మీద దుప్పటి పరచుకున్నవారిదే ఆ చోటు. మా పక్కన ఒక ముసలి దంపతులు మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మరో పక్క ఒక పిల్లవాడు సంగీతం మొదలైన ఐదు నిమిషాలకే నిద్రపోయాడు. పాశ్చాత్య సంగీతంలో నా పాండిత్యం గురువిద్యాలయంలో నేర్చుకున్న హార్మోనియంతోనే ఆగిపోయింది. అయినా ఆ ఏటి గాలిలో, చీకటి పడుతుండగా, అన్ని వాద్యాలు ఒకేసారి లేచిన క్షణంలో నేను పులిహోర సంగతి మరిచిపోయాను.

అయితే ఆ పచ్చికకు చేరుకోవాలంటే ముందు ఒక రహదారి మీదుగా పాదచారుల వంతెన దాటాలి. ఊరికీ ఏటికీ మధ్య, రెండు వైపులా ఎడతెగని కార్లతో హోరెత్తే రహదారి అది. వంతెన మీద ఆగి, "దీని పేరేమిటి?" అని అడిగాను. "స్టారో డ్రైవ్, ఫాదర్ గారూ" అన్నాడు అల్లుడు. స్టారో ఎవరో అతనికి తెలియదు. రోజూ ఆ దారినే ఆఫీసుకు వెళ్తాడు. మనం మాత్రం మన వీధి పేరు వెనుక మనిషిని ఎన్నడైనా అడిగామా? తరువాత ఆ కథ చదివి తెలుసుకున్నాను. నేను కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే చిక్కంతా అందులోనే ఉంది.

చార్లెస్ నది బోస్టన్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పూర్వం ఆటుపోట్లతో పాటే నదీ లేచి పడుతుండేది. పాటు సమయంలో నీరు తగ్గి, మురుగుతో నిండిన బురద మేటలు బయటపడి దుర్వాసన కొట్టేవి. ఆ ఏటి పక్కనే వెస్ట్ ఎండ్ అనే పేటలో వలస వచ్చిన పేద కుటుంబాలు ఇరుకు గదుల్లో కాపురం ఉండేవి. జేమ్స్ స్టారో అనే ధనిక బ్యాంకరు నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, ఉప్పునీటిని ఆపి, మంచినీటి కొలను చేసి, ఒడ్డును జనానికి విహారస్థలంగా ఇవ్వాలని పట్టుబట్టాడు. 1910లో ఆనకట్ట పూర్తయింది. అదే ఏడు ఆయన నగర మేయరు పదవికి పోటీ చేసి, కొద్ది ఓట్ల తేడాతో జాన్ ఫిట్జెరాల్డ్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఫిట్జెరాల్డ్ ఎవరో కాదు, తరువాత అధ్యక్షుడైన కెన్నెడీకి మాతామహుడు. ఓడిపోయినవాడి ఏరు మాత్రం ఊరికి దక్కింది.

స్టారో 1926లో మరణించాడు. ఆయన భార్య హెలెన్ అప్పటికే వలస కుటుంబాల ఆడపిల్లల చదువు కోసం, ఉపాధి కోసం చేయూతనిచ్చిన మనిషి. భర్త జ్ఞాపకార్థం ఆ నది ఒడ్డును తీర్చిదిద్దడానికి ఆమె పది లక్షల డాలర్లు ఇచ్చింది. 1929లో వచ్చిన ప్రణాళికలో ఒడ్డు వెంబడి ఒక రహదారి కూడా ఉంది. చాలామంది వద్దన్నారు, హెలెన్ కూడా గట్టిగా వద్దంది. రహదారిని ప్రణాళిక నుండి తీసివేశారు. తోట వేశారు.

సరిగ్గా అదే ఏడు, 1929 జూలై 4న, బోస్టన్ సింఫనీ వాద్యబృందంలో పనిచేసే ఆర్థర్ ఫీడ్లర్ అనే యువకుడు ఆ ఒడ్డున తాత్కాలికంగా వేసిన కొయ్య వేదిక మీద మొదటి ఉచిత కచేరీ నడిపించాడు. శీతాకాలంలో పెద్ద హాలులో టికెట్టు కొని వినగలిగినవారు వింటారు. కొనలేనివారు ఏం కావాలి? ఇదీ ఆయన ప్రశ్న. డబ్బు పోగు చేయడానికి కాళ్లరిగేలా తిరిగాడు. ఆ అక్టోబరులోనే అమెరికాలో స్టాక్ మార్కెట్ కుప్పకూలి, లక్షలాది మంది పని కోల్పోయే రోజులు వచ్చాయి. అయినా ఏటి ఒడ్డున కచేరీలు కొనసాగాయి. ఆ తరువాత మరియా హ్యాచ్ అనే స్త్రీ తన సోదరుడు ఎడ్వర్డ్ జ్ఞాపకార్థం వదిలివెళ్లిన సొమ్ముతో, 1940లో ఇప్పుడున్న శాశ్వత వేదిక లేచింది. హ్యాచ్ షెల్ అనే పేరు అందుకే వచ్చింది.

ఇక్కడి వరకు కథ చల్లగా ఉంది. 1944లో హెలెన్ స్టారో కన్నుమూసింది. ఆమె పోయిన కొద్దికాలానికే పాత రహదారి ప్రతిపాదన అల్మారా నుండి బయటికి వచ్చింది. గట్టి వ్యతిరేకత మధ్యనే 1949లో శాసనసభ దాన్ని ఆమోదించింది. 1951లో రహదారి తెరిచారు. దానికి పెట్టిన పేరు ఆమె భర్త పేరే. జేమ్స్ స్టారో స్మారక రహదారి! ఏటి ఒడ్డున రహదారి కావాలని ఆయన ఎన్నడూ అడగలేదు. వద్దని ఆయన భార్య ఊరందరి ఎదుట పోరాడింది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అంటారు మనవాళ్లు. ఇక్కడ ఓడ దిగినవారు మల్లయ్యను బోడి మల్లయ్య అనను కూడా అనలేదు. ఆయన పేరే ఆ ఓడకు రాసి, ఆయన వెళ్లవద్దన్న వైపుకు నడిపించుకుపోయారు.

ఇందులో ఎవరికి అన్యాయం జరిగింది? ఈ ప్రశ్న అనుకున్నంత తేలిక కాదు.

చనిపోయినవారికి బాధ ఉండదు కదా, మరి అన్యాయం ఎవరికి? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ ప్రశ్న మా తరగతిలో ఒక రోజంతా నడిచింది. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం మొదటి భాగంలోనే దీన్ని ఎత్తుకున్నాడు. బిడ్డల అదృష్ట దురదృష్టాలు, జనం ఇచ్చే గౌరవ అగౌరవాలు చనిపోయిన తల్లిదండ్రులను తాకుతాయా అని అడిగి, తాకితే కొద్దిగా తాకవచ్చునే గాని వారి సుఖాన్ని తారుమారు చేసేంతగా కాదు అని తేల్చాడు. ఆ జవాబు మాకెవరికీ తృప్తినివ్వలేదు. అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ ఇంకా సూటిగా చెప్పాడు. 1789లో మాడిసన్‌కు రాసిన ఉత్తరంలో, ఈ భూమిని అనుభవించే హక్కు బ్రతికి ఉన్నవారిదేనని, చనిపోయినవారికి దాని మీద అధికారం లేదని వాదించాడు. ఆ వాదాన్ని తేలికగా తోసివేయకూడదు. పోయిన తరాలన్నీ తమ ఇష్టాలను రాయి మీద చెక్కి పోతే, పుట్టబోయే బిడ్డకు అడుగుపెట్టడానికి చోటేదీ?

రహదారి వైపు మాట్లాడేవారి దగ్గర కూడా న్యాయం ఉంది. ఆ దారి తూర్పు కొసకు దగ్గరలోనే పెద్ద ఆసుపత్రి ఉంది. రోజూ వేలాది మంది ఆ దారినే పనులకు వెళ్లివస్తారు. మా అల్లుడు కూడా, "అది లేకపోతే నా పని అయిపోయినట్టే ఫాదర్ గారూ" అన్నాడు. పైగా రహదారికి పోయిన నేలకు బదులుగా ఏటి వైపు మట్టి పోసి కొత్త పచ్చిక, చిన్న చిన్న లంకలు ఏర్పరచారు. (ఇంకొక సంగతి. ఆ దారి మీది వంతెనలు ఎత్తు తక్కువ, లారీలకు ప్రవేశం లేదు. ప్రతి సెప్టెంబరులో కళాశాల పిల్లలు ఇళ్లు మారుతూ, అద్దె లారీల్లో సామాన్లు వేసుకుని వచ్చి, ఆ వంతెనల కింద ఇరుక్కుపోతుంటారట. దీనికి ఆ ఊళ్లో స్టారో పేరుతోనే ఒక క్రియాపదం పుట్టింది. పాపం, ఆ మంచి మనిషి పేరు చివరికి ఇలా కూడా వాడుకలోకి వచ్చింది.)

మరి పరిస్థితులు మారితే ఇచ్చిన మాట మారవచ్చునా? మారవచ్చునని పునీత తోమాసు అక్వినాసు కూడా ఒప్పుకున్నాడు. మాట ఇచ్చిన నాటి పరిస్థితులు, మనుషులు మారిపోతే, మాట తప్పినవాడికి మినహాయింపు ఉంటుందని, అందుకు పూర్వపు సెనెకాను సాక్ష్యం తెచ్చుకుని మరీ రాశాడు. మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. నాగార్జునకొండ వద్ద, కృష్ణ ఒడ్డున, ఇక్ష్వాకుల కాలపు విజయపురిలో నాలుగు వైపులా మెట్ల వరుసలతో కట్టిన బహిరంగ క్రీడాస్థలం ఒకటి ఉండేది. పదహారు, పదిహేడు వందల ఏళ్ల నాటిది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. నీరు వస్తే ఆ లోయ అంతా మునుగుతుంది. 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండ మీదికి చేర్చారు. ఆ క్రీడాస్థలాన్ని అనుపు వద్ద తిరిగి అమర్చారు. నేడు పిల్లలు అక్కడికి విహారయాత్రకు వెళ్లి, చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటుంటారు. అసలు చోటు నీటి కిందే ఉంది. ఎన్నో పల్లెల వారు ఇళ్లూ పొలాలూ వదులుకున్నారు. ఆ బాధ చిన్నది కాదు. కాని ఆ నీటితో ఎన్నో లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి. పాతది పోతున్నదని అందరికీ తెలిసేలా చెప్పి, మిగల్చగలిగింది మిగిల్చి, ఆ పని చేశారు.

కాబట్టి బోస్టన్ వారు రహదారి వేయడం తప్పో ఒప్పో నేను తీర్పు చెప్పలేను. ఆ ఊరివాడిని కాను. నన్ను కలవరపెట్టింది ఆ పేరు. దాత కోరికను మార్చడం ఒక పని. మార్చిన దానికి ఆ దాత పేరే పెట్టడం వేరొక పని. మొదటి దానికి ఒక్కొక్కప్పుడు న్యాయమైన కారణం ఉండవచ్చు. రెండవ దానికి ఏ కారణమూ నాకు కనిపించదు. పేరు పెట్టడమంటే, ఇది ఆయనకు సమ్మతమే అని ముందు తరాలకు చెప్పడం. నోరు లేని మనిషి చేత సంతకం పెట్టించడం. చనిపోయినవారికి నొప్పి లేకపోవచ్చు, కాని అబద్ధసాక్ష్యానికి నొప్పితో పని లేదు. అది సత్యానికి చేసే అపచారం, బ్రతికి ఉన్నవారికి చేసే మోసం. ఆ దారిన పోయే పిల్లవాడు, స్టారో అంటే రహదారులు వేయించిన పెద్దమనిషి కాబోలు అనుకుంటాడు. "మేము ఆమె మాట కాదన్నాము, మాకు దారి అవసరమైంది" అని ఒక పలక మీద రాసి ఉంటే, అందులో నిజాయితీ అయినా మిగిలేది.

ఇంతవరకు ఇతరుల తప్పు చెప్పాను. ఇక నాది చెప్పాలి.

చాలా ఏళ్ల క్రితం, నేను యువగురువుగా ఉన్నప్పుడు, కృష్ణ ఒడ్డునే ఉన్న ఒక గ్రామంలో పనిచేశాను. నేను వెళ్లడానికి ముందే ఒక విధవరాలు గుడి పక్కన తనకున్న ఎనిమిది సెంట్ల స్థలం రాసి ఇచ్చింది. వేసవి సాయంత్రాలలో ఏటి గాలికి పిల్లలు ఆడుకోవాలి, ఆడవాళ్లు పాటలు పాడుకోవాలి, కోలాటాలు వేసుకోవాలి అన్నది ఆమె కోరిక. నేను వెళ్లిన మొదటి రెండు వేసవులు ఆమె కూడా వచ్చి అరుగు మీద కూర్చునేది. కూలి పని నుండి వచ్చిన స్త్రీలు అన్నాలు తిని, లాంతర్లు తెచ్చుకుని, రాత్రి పది దాకా పాడేవారు. మూడవ ఏడు ఆమె పోయింది. నాలుగవ ఏడు గుడి పెద్దలు నా దగ్గరకు వచ్చారు. "స్థలం ఊరికే పడి ఉంది ఫాదర్ గారూ. బజారు వైపు నాలుగు కొట్లు కట్టించి అద్దెకిస్తే గుడికి ఆదాయం" అన్నారు. గుడి కప్పు కురుస్తున్న మాట నిజం. నేను ఒప్పుకున్నాను. ఇది మా మేత్రాణుల వారికి రాసి అనుమతి పొందవలసిన సంగతి. ఒక పనికని విశ్వాసులు ఇచ్చినదాన్ని ఆ పనికే వాడాలని, మార్చవలసి వస్తే న్యాయమైన, అవసరమైన కారణంతో పై అధికారి మాత్రమే మార్చాలని శ్రీసభ చట్టంలో స్పష్టంగా ఉంది. నాకు తెలియక కాదు. రాస్తే ఆలస్యమవుతుందని రాయలేదు.

పెద్దలలో ఒకరు కొంచెం వెనుకాడారు. ఆమె అలా కోరలేదు కదా అన్నారు. అప్పుడు నేనే, "ఆమె పేరు పెడదాం లెండి" అన్నాను. అందరి ముఖాలు తేలికపడ్డాయి. ఆ మాట అన్నది నేనే అని ఇక్కడ రాస్తున్నాను. సున్నం గోడ మీద నీలం అక్షరాలతో ఆమె పేరు రాయించాము. నేనే ఆశీర్వదించాను. ఆ వేసవి ఆడవాళ్లు లాంతర్లు తీసుకుని ఎక్కడికి వెళ్లారో నేను అడగలేదు.

మన భాషలో "ఊరికే" అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. వెల లేకుండా అని ఒకటి, పని లేకుండా అని మరొకటి. ఎవరైనా ఊరికే ఇచ్చినది మన కంటికి త్వరలోనే ఊరికే పడి ఉన్నట్టు కనబడుతుంది. గుడి పెద్దలు అన్న మాట అదే, బోస్టన్‌లో ఏటి ఒడ్డును చూసినవారి లెక్కా అదే అయి ఉంటుంది. వారంలో కొన్ని సాయంత్రాలు పాటలు, మిగతా వేళ పచ్చిక. నగరం నడిబొడ్డున అంత నేల ఊరికే! పిల్లల ఆట, స్త్రీల పాట, ముసలివారి కునుకు ఏ లెక్క పుస్తకంలోనూ ఆదాయం వైపున పడవు. అందుకే వాటి చోటు ముందుగా పోతుంది. పునీత అగుస్తీను "దైవనగరం"లో ఒక మాట చెప్పాడు. మంచితనం పదిమందితో పంచుకుంటే తరగదు, పంచుకున్న కొద్దీ అది మనకూ పెరుగుతుందని ఆయన భావం. పాట అటువంటిదే. నా పక్కన కూర్చున్న ముసలాయన విన్నందువల్ల నా చెవికి రావలసిన పాటలో చిటికెడు తగ్గలేదు. నేల మాత్రం అటువంటిది కాదు. ఒకరు కొట్టు కడితే మరొకరికి కోలాటం లేదు. తరగని దానిని పంచుకోవడానికి తరిగే నేల కొంత కావాలి. ఆ నేలను ఎవరో ఒకరు వదులుకోవాలి. హెలెన్ స్టారో వదులుకున్నది అదే. మా ఊరి తల్లి వదులుకున్నదీ అదే, అందులోనూ ఆమెకు ఉన్నదంతా ఆ ఎనిమిది సెంట్లే.

జేమ్స్ స్టారో ఎవరి కోసం ఆ ఒడ్డు కావాలని కలగన్నాడో ఆ వెస్ట్ ఎండ్ పేటను 1958 నుండి పునర్నిర్మాణం పేరుతో కూలగొట్టారు. వేలాది మంది చెల్లాచెదురయ్యారు. ఇప్పుడు ఆ పచ్చిక మీద కూర్చునేవారిలో వారి మనవలు ఉన్నారో లేదో. కచేరీలు మాత్రం ఆగలేదు. ఫీడ్లర్ 1979లో మరణించే వరకు ఏభై ఏళ్లు వాటిని నడిపించాడు. 1976 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్లయిన సందర్భంలో, నాలుగు లక్షల మంది ఆ ఒడ్డుకు వచ్చారని లెక్క వేశారు. 2001లో పుట్టిన ల్యాండ్‌మార్క్స్ ఆర్కెస్ట్రా ఇప్పటికీ వేసవిలో అక్కడ ఉచితంగా వాయిస్తుంది. మేము రహదారి దాటిన పాదచారుల వంతెనకు ఫీడ్లర్ పేరే పెట్టారు. ఆ పేరు పెట్టినవారిని మాత్రం నేను మెచ్చుకుంటాను. జనాన్ని ఏటికి చేర్చే దారికి జనాన్ని ఏటికి రప్పించినవాడి పేరు.

ఏడాదికి ఒక్క రోజు, జూలై 4న, పెద్ద కచేరీ కోసం ఆ స్టారో రహదారి మీద కార్లను ఆపివేస్తారు. నేను చూడలేదు. ఆ అమ్మాయి గత సంవత్సరం ఫోనులో ఒక ఫోటో పంపింది. జనం తారు రోడ్డు మీదికి వచ్చి చాపలు పరచుకున్నారు. వాళ్ల చిన్నవాడు రోడ్డు మధ్య తెల్లగీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఏదో తింటున్నాడు.

ఈ మధ్య ఆ కృష్ణ ఒడ్డు గ్రామం నుండి ఉత్తరం వచ్చింది. కొట్లకు నలభై ఏళ్లు కావస్తున్నాయట. గోడ మీద పేరు వెలిసిపోయింది. నాలుగింటిలో రెండు మూతపడ్డాయి. మిగిలిన రెండూ అద్దె సరిగా ఇవ్వడం లేదు. బాగు చేయించి, ఆ తల్లి పేరు మళ్లీ కొత్త రంగుతో పెద్దగా రాయిస్తామని, కట్టించినవాడిని గనుక నన్ను కూడా ఏదైనా చందా పంపమని, ఆ రోజుకు తప్పక రమ్మని పెద్దలు గౌరవంగా రాశారు. ఉత్తరం నా బల్ల మీద మూడు వారాలుగా ఉంది. చందా పంపాలో, ఆ రెండు మూతపడ్డ కొట్లను పడగొట్టి చోటు ఖాళీ చేయమని రాయాలో, పేరు మాత్రం చెరిపేయమని అడగాలో తేల్చుకోలేక, నిన్న రాత్రి మళ్లీ ఒకసారి చదివి మడిచి పెట్టాను.